థార్ ఫోర్ బై ఫోర్ కొని పదేళ్లు ఉంచుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా మహీంద్రా థార్ కొన్నవాళ్లు, కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు అడిగేవి ఇవి. ఎక్కువగా 2020 అక్టోబరులో వచ్చిన మూడు డోర్ల ఫోర్ బై ఫోర్ గురించే, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ ఇవ్వగలిగే బండి గురించే. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ బండిని రాళ్లు, గుంటలు పాడుచేసేది తక్కువ. నీళ్లు, ఉప్పు, ఇష్టమొచ్చినట్టు చేయించే మార్పులు, వాడకుండా వదిలేయడం, ఇవి పాడుచేసేదే ఎక్కువ. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

నాకు అసలు ఫోర్ బై ఫోర్ అవసరమా? వెనక చక్రాల వెర్షన్ సరిపోదా?

హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లి రావడం, ఎప్పుడైనా వికారాబాద్ అనంతగిరి దాకా పోయి రావడం అయితే సరిపోతుంది. 2023 జనవరిలో వచ్చిన 1.5 లీటర్ల డీజిల్ వెర్షన్ చూడ్డానికి అదే బండి, ఇంజన్ బలం మాత్రం వెనక చక్రాలకే. నల్లరేగడిలో పొలం ఉంటే మాత్రం లెక్క వేరు. వాన పడ్డాక రేగడి మట్టి టైరు గాడులన్నీ పూడ్చేస్తుంది. వెనక చక్రాల బండి ఎంత మంచి టైర్లున్నా అక్కడే తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటుంది. ఏజెన్సీలో తోటలున్నవాళ్లు, చెరువు కట్టల మీద తిరిగేవాళ్లు ఆలోచించకుండా ఫోర్ బై ఫోర్ తీసుకోవచ్చు.

డబ్బు సంగతి కూడా చూడండి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారాక ఆ చిన్న డీజిల్‌కు 18 శాతం. పెద్ద ఇంజన్లున్న ఫోర్ బై ఫోర్‌కు 40 శాతం. లైఫ్ టాక్స్ కూడా ధరను బట్టే కాబట్టి ఆ తేడా మళ్లీ అక్కడా కనిపిస్తుంది. వాడని ఫోర్ బై ఫోర్ లివర్ కోసం ఇంత కట్టాలా అన్నది మీరే తేల్చుకోవాలి.

మూడు డోర్లదా, రాక్సా?

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఐదు డోర్ల రాక్స్. మూడు డోర్ల బండిలో వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు మడిచి, వంగి, సందులోంచి దూరాలి. చీర కట్టుకున్న అత్తయ్యగారు ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఆ పని చేస్తుంటే చూశాక ఎవరికీ ఇంకో ఆలోచన రాదు. డిక్కీ కూడా పేరుకే ఉంటుంది.

2024 ఆగస్టు 15న వచ్చిన రాక్స్‌లో చక్రాల మధ్య దూరం 2,850 మి.మీ. మూడు డోర్లదానిలో 2,450. సీట్లకు అది వరం, ఇరుకు దారిలో మలుపులకు, గట్లు దాటేటప్పుడు పొట్ట తగలడానికి అదే శాపం. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిలే తీసుకోవాలి, పెట్రోల్‌లో లేదు.

పెట్రోలా, డీజిలా?

రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసేవాళ్లకు డీజిల్ వద్దు. బీఎస్ 6 డీజిల్ బండికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచుతుంది. బండి బాగా వేడెక్కి కాసేపు ఏకధాటిగా నడిచినప్పుడు ఆ మసిని కాల్చేసుకుంటుంది. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగితే ఆ అవకాశమే రాదు. మసి పేరుకుని డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. లైటు రాగానే టెన్షన్ పడక్కర్లేదు, హైవే ఎక్కి ఓ అరగంట 60 కి పైన ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు పోతుంది. పట్టించుకోకుండా తిప్పితేనే వర్క్‌షాపు బిల్లు.

వారానికోసారైనా హైవే మీద దూరం వెళ్లేవాళ్లకు 2.2 డీజిల్ చక్కటి ఇంజన్. లో రేంజ్‌లో (కింద చెప్పే ఫోర్ ఎల్) మెల్లగా పాకించడానికి దాని లాగుడు బాగుంటుంది. పెట్రోల్ ఇంజన్ 150 హార్స్ పవర్, నిశ్శబ్దంగా ఉంటుంది, బంకు దగ్గర మాత్రం మాట్లాడుతుంది.

మైలేజీ ఎంత?

డీజిల్ పది నుంచి పదమూడు, పెట్రోల్ ఏడు నుంచి పది. ఆటోమేటిక్, ఏసీ, హైటెక్ సిటీ సాయంత్రం మూడూ కలిస్తే పెట్రోల్‌లో ఏడు కూడా గొప్పే. ఈ ప్రశ్న మొదట అడిగేవాళ్లు ఇంకో బండి చూసుకోవడం మంచిది.

టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ ఎప్పుడు వాడాలి?

ఇవి ఆ ఫోర్ బై ఫోర్ లివర్ స్థానాలు. మామూలు రోడ్డు మీద ఎప్పుడూ టూ హెచ్, అంటే బలం వెనక చక్రాలకే. బురద, ఇసుక, కంకర, జారుడు దారిలో నాలుగు చక్రాలకూ బలమిచ్చే ఫోర్ హెచ్. నిటారుగా ఎక్కడం, దిగడం, పెద్ద రాళ్ల మీద పాకడం, లోతు ఇసుకలోంచి బయటపడటం ఉంటే తక్కువ వేగం, ఎక్కువ లాగుడు ఇచ్చే ఫోర్ ఎల్.

పొడి తారు రోడ్డు మీద ఫోర్ హెచ్ వేయొద్దని ఎందుకంటారో తెలుసుకుంటే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వంపు, వెనక చక్రాలు చిన్న వంపు తిరుగుతాయి. అంటే ముందు ఇరుసు ఎక్కువ దూరం పోవాలి. కానీ ఫోర్ హెచ్ వేయగానే రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుపోతాయి, మధ్యలో ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ ఈ బండిలో లేదు. బురదలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా తీరిపోతుంది. పొడి సిమెంటు మీద జారదు. ఆ బలమంతా షాఫ్టుల మీద, ముందూ వెనకా ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కి, బండి ఎగిరెగిరి పడుతున్నట్టు అనిపిస్తే అదే కారణం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఫోర్ హెచ్ వేసి మలుపులు తిప్పి ఫ్రెండ్స్‌కు చూపించే సరదా మానుకోవాలి.

టూ హెచ్ నుంచి ఫోర్ హెచ్‌కు కదులుతూనే మార్చుకోవచ్చు, స్టీరింగ్ నేరుగా పెట్టి, యాక్సిలరేటర్ వదిలి. ఫోర్ ఎల్‌కు మాత్రం బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. తిరిగి టూ హెచ్‌కు వచ్చాక కూడా డాష్‌బోర్డులో ఫోర్ బై ఫోర్ గుర్తు మిణుకుతూ ఉంటే లివర్‌ను గుంజొద్దు. నేరుగా కొన్ని గజాలు వెనక్కి నడిపితే బిగువు వదిలి దానంతటదే ఆరిపోతుంది.

నేను రోడ్డు మీదే తిప్పుతాను. ఆ లివర్ ముట్టుకోకపోతే నష్టమేంటి?

చాలా నష్టం. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో, ముందు ఇరుసులోని డిఫరెన్షియల్‌లో ఉన్న ఆయిల్ కదలకపోతే పైభాగాలు, సీళ్లు ఎండిపోతాయి. లివర్ బిగుసుకుపోతుంది. నెలకోసారి ఏదైనా మట్టి మైదానంలోనో, లేఅవుట్ వెంచర్ కంకర దారిలోనో ఫోర్ హెచ్ వేసి ఒకటి రెండు కిలోమీటర్లు నడపండి. అదే ఊపులో ఫోర్ ఎల్ కూడా ఒకసారి వేసి తీయండి. మూడేళ్లు లివర్ ముట్టని బండి, సరిగ్గా ఇరుక్కున్న రోజే మొరాయిస్తుంది.

ఎంత నీళ్లలో దిగొచ్చు?

కంపెనీ చెప్పే లెక్క 650 మి.మీ., అంటే రెండడుగుల మీద అంగుళంన్నర. 18 అంగుళాల చక్రమున్న మోడల్లో టైరు మొత్తం ఎత్తు దాదాపు 790 మి.మీ. కాబట్టి, నీళ్లకు పైన టైరు ఐదారు అంగుళాలైనా కనబడాలి. అది కూడా నిలబడిన నీళ్లకే. పారే వాగుకు ఈ లెక్క వర్తించదు. మోకాలి లోతు ప్రవాహం చాలు రెండు టన్నులకు దగ్గరగా ఉండే బండిని పక్కకు నెట్టడానికి. ఏటా వానాకాలంలో లో లెవెల్ వంతెనల మీద కొట్టుకుపోయే బండ్లను టీవీలో చూస్తూనే ఉన్నాం. వాగు దాటాలా వద్దా అన్న సందేహం వస్తే జవాబు వద్దు అనే.

దిగేముందు కాసేపు ఆగాలి. నడిచి వచ్చిన ఇరుసు వేడిగా ఉంటుంది. వేడి ఇరుసు చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుపోయి, ఇరుసుకు గాలి ఆడే బ్రీదర్ పైపు మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఫోర్ ఎల్‌లో మొదటి లేదా రెండో గేరులో మనిషి నడిచే వేగంతో, ఆపకుండా పోవాలి. నీళ్లు చిమ్ముతూ ఉరికించడం రీల్స్ కోసం. బయటికి వచ్చాక బ్రేకు మీద తేలిగ్గా కాలు పెట్టి కాస్త దూరం నడిపితే ఆరతాయి. మూడు డోర్ల థార్‌లో వెనక డ్రమ్ బ్రేకులు, వాటిలో బురద చేరితే గరగరమంటాయి. డ్రమ్ విప్పి శుభ్రం చేయించాలి.

తర్వాత చేయాల్సింది చాలామంది చేయరు. ఇరుసులు మునిగేంత నీళ్లు దాటిన ప్రతిసారీ మెకానిక్‌తో వెనక డిఫరెన్షియల్ ఆయిల్ చూపించండి. ప్లగ్ కాస్త వదులు చేసి రెండు చుక్కలు వేలి మీద వేసుకుంటే తెలిసిపోతుంది. మంచి ఆయిల్ తేనె రంగులోనో, నల్లబడో ఉంటుంది, కానీ అవతలి వేలు కనబడేలా పల్చగా సాగుతుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో, నురగగా ఉంటుంది. అలా కనిపిస్తే అదే రోజు మార్చేయాలి. ఆయిల్ ఖర్చు కొన్ని వేలలో పోతుంది. వదిలేస్తే బేరింగులు, డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం (క్రౌన్ వీల్), వాటి వెంట ఓ నెల మనశ్శాంతి.

వరదలో బండి మునిగితే ఇన్సూరెన్స్ ఇస్తుందా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వేల బండ్లు మునిగినప్పుడు అందరికీ అర్థమైన విషయం ఇది. సమగ్ర పాలసీ వరద నష్టానికి ఇస్తుంది. కానీ నీళ్లు దిగాక మీరు ఇంజన్ స్టార్ట్ చేసి, లోపలికి నీరు పోయి ఇంజన్‌లోని కనెక్టింగ్ రాడ్ వంగితే మామూలు పాలసీ చేతులెత్తేస్తుంది. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. మునిగిన బండికి తాళం చెవి పెట్టొద్దు. బ్యాటరీ టెర్మినల్ తీసి, ఫొటోలు తీసి, టోయింగ్ చేయించడమే.

ఇంకో చిన్న విషయం. పాలసీలో పోటీలు, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాటికి వర్తించదని ఉంటుంది. ఆఫ్‌రోడ్ ఈవెంట్‌కు పేరిచ్చేముందు ఆ వాక్యం చదువుకోండి. బయట వేయించిన విలువైన సామాను పాలసీలో రాయించకపోతే దాని డబ్బు రాదు.

మాది కాకినాడ. తుప్పు ఎలా ఆపాలి?

విశాఖ, కాకినాడ, బందరు, నెల్లూరు వాళ్లందరికీ ఇదే సమస్య. ఉప్పు గాలి రోజూ చేసే పని, రాళ్లు పదేళ్లలో చేయలేవు. థార్ పాతకాలం పద్ధతిలో విడి ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బండి. ఆ ఛాసిస్ పట్టీల లోపల బోలుగా ఉంటుంది, రంధ్రాలుంటాయి. బురద, ఇసుక అక్కడ చేరి తడిగా ఉండిపోతాయి.

పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కింద భాగం కడిగించాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ కడగడం వల్ల లాభం లేదు. కడిగేవాళ్లు పైన మెరిపించి కింద నాలుగు చిమ్ముళ్లతో సరిపెడతారు. బండి లిఫ్టు మీద ఉండగా పక్కనే నిలబడి ఛాసిస్ రంధ్రాల్లోకి, చక్రాల లోపలి అంచుల్లోకి కొట్టించండి. ఫోన్ టార్చి వేసి మీరే చూడండి: వెనక సస్పెన్షన్ ఆర్మ్‌లు ఛాసిస్‌కు కలిసే వెల్డింగ్ అతుకులు, డోర్ల కింది అంచులో నీళ్లు కారే చిన్న రంధ్రాలు, కార్పెట్ లేపితే సీటు బోల్టులు. డోరు కింది రంధ్రం మట్టితో మూసుకుపోతే అగ్గిపుల్లతో తీసినా చాలు. అది తీయకపోవడం వల్లే డోర్లను లోపలినుంచి తుప్పు తినేస్తుంది.

యాంటీ రస్ట్ కోటింగ్ మంచిదే, కొత్త బండికి మరీ మంచిది. కానీ ఉన్న తుప్పు మీద నల్లటి పూత పూస్తే లోపల దాక్కుని పెరుగుతుంది. పూసేవాళ్లు నీళ్లు కారే రంధ్రాలు కూడా పూడ్చేస్తుంటారు, గమనించండి.

బీచ్‌లో, అడవిలో తోలొచ్చా?

బీచ్ వద్దు. ఉప్పు సంగతి పక్కన పెట్టినా, మన తీరంలో జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. పైనుంచి ఏమీ కనబడదు. టైరు ఎక్కితే గూడు మొత్తం పోతుంది. సూర్యలంక ఇసుక మీద థార్ నడిపిన వీడియోకు లైకులు వస్తాయేమో, పోలీసులు కూడా వస్తారు.

అడవి విషయంలో ఇంకా ఖచ్చితంగా ఉండాలి. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలున్నాయి. అక్కడ అనుమతి ఉన్న రోడ్డు దిగితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. మారేడుమిల్లి, లంబసింగి, అరకు వైపు పంచాయతీ మట్టి రోడ్లే కావలసినంత సరదా ఇస్తాయి. పొలాల గుండా పోవాలంటే రైతును అడగండి, పైరు మీద ఎక్కించకండి.

టైర్ల సంగతి చెప్పండి.

18 అంగుళాల మోడల్‌కు 255/65 సైజు. ఒక్కోటి పది వేలు దాటుతుంది. పది వేల కిలోమీటర్లకోసారి స్పేర్‌తో కలిపి ఐదూ మార్చి మార్చి తిప్పితే సమానంగా అరుగుతాయి. ఫోర్ బై ఫోర్‌కు ఇది సోకు కాదు. ముందూ వెనకా టైర్ల ఎత్తులో తేడా ఉంటే ఇందాక చెప్పిన బిగువు నేరుగా పోయేటప్పుడు కూడా వస్తుంది. ఒక్క టైరే కొత్తది కొనడం అందుకే మంచిది కాదు.

కొనేటప్పుడు టైరు పక్కన DOT తో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం తయారీ. షాపులో రెండేళ్లు పడున్న టైరును డిస్కౌంట్ అని అంటగట్టే రకాలున్నారు.

ఇసుకలో, గుల్ల మట్టిలో గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని తేలుతుంది. తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి. చిన్న ఇన్‌ఫ్లేటర్, గాలి మీటరు బండిలో లేనివాళ్లు గాలి తీయొద్దు.

పెద్ద టైర్లు, బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, ముందు వేసే ఇనుప బుల్ బార్ వేయిస్తే ఇబ్బందా?

చట్టం ప్రకారం ఇబ్బందే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. అది ఢీకొన్న మనిషికి ప్రమాదం, మీ ఎయిర్‌బ్యాగుల పనికీ అడ్డమే. నల్ల ఫిల్ములకు 2012 నుంచి సుప్రీంకోర్టు ఆదేశముంది.

చట్టం పక్కన పెట్టినా నా అభిప్రాయం మారదు. పెద్ద టైరు వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, బ్రేకు దూరం పెరుగుతుంది, క్లచ్ త్వరగా పోతుంది. వెనక డోరుకు వేలాడే స్పేర్ బరువెక్కి కీలు కిందికి జారుతుంది, ఆపైన డోరు సరిగ్గా పడదు, వాన నీళ్లు లోపలికి. వైరింగ్ కోసి లైట్లు వేయించాక కరెంటు సమస్య వస్తే వారంటీ వాళ్లు మొహం చూడరు. ఆ డబ్బుతో బండి పొట్టను కాపాడే స్కిడ్ ప్లేట్లు, నాలుగు మంచి ఫ్లోర్ మ్యాట్లు కొనుక్కోండి.

ఇరుక్కుపోతే ఏం చేయాలి?

మొదట యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి. చక్రం తిరిగేకొద్దీ బండి దిగబడుతుంది. దిగి, టైర్ల ముందు మట్టి పారతో తీసి, గాలి తగ్గించి, ఫోర్ ఎల్ వేసి మెల్లగా ప్రయత్నించండి.

మన దగ్గర చివరికి వచ్చేది ట్రాక్టరే. అక్కడే అసలు జాగ్రత్త కావాలి. ట్రాక్టర్ డ్రైవర్ మంచి మనసుతో వచ్చి, బురదలో చెయ్యి పెట్టి, చేతికి దొరికిన రాడ్డుకు గొలుసు చుడతాడు. నూటికి తొంభై సార్లు అది స్టీరింగ్ టై రాడ్ అవుతుంది. ఒక్క లాగుడుకు వంగిపోతుంది. "అన్నా, ఆగు, నేను తగిలిస్తా" అని మీరే కంపెనీ ఇచ్చిన టోయింగ్ హుక్‌కు తగిలించండి. గొలుసు బదులు లాగడానికి చేసిన మీ స్ట్రాప్, దాన్ని బిగించే ఇనుప కొక్కెం (షాకిల్) వాడండి. తెగిన గొలుసు మనిషిని చంపేయగలదు, కాబట్టి చూడ్డానికి వచ్చిన పిల్లలందరినీ దూరంగా పంపాకే లాగించాలి. ట్రాక్టర్ ఆయన డబ్బు వద్దన్నా డీజిల్‌కు ఇవ్వండి.

మే నెల ఎండకు తట్టుకుంటుందా? సాఫ్ట్ టాపా, హార్డ్ టాపా?

రెంటచింతల, రామగుండం ఎండల్లో సాఫ్ట్ టాప్ ఆలోచనే వద్దు. బట్ట వెలిసి, ప్లాస్టిక్ కిటికీ మసకబారుతుంది. దుమ్ముతో ఉండగా చుడితే గీతలు. హార్డ్ టాప్ అయినా లోపల వేడి ఎక్కువే, పైకప్పు లోపల ఇన్సులేషన్ వేయించుకుంటే తేడా తెలుస్తుంది.

అవుటర్ రింగ్ రోడ్డు మీద 120తో పోవచ్చా?

పరిమితి 120 కదా అని పోవచ్చు, హాయిగా మాత్రం ఉండదు. ఎత్తైన, పలకలాంటి బండి. పక్కగాలికి ఊగుతుంది, లారీ దాటేటప్పుడు తెలుస్తుంది. తొంభై, వందలో చక్కగా ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా కింది గేరులో దించండి.

మేము అమెరికాలో ఉంటాం. బండి ఊళ్లో నాన్నగారి దగ్గర ఉంటుంది. పాడవుతుందా?

నెలల తరబడి షెడ్డులో నిలబెడితే తప్పకుండా పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, అన్నిటికంటే ముందు ఎలుకలు వస్తాయి. వడ్ల బస్తాలున్న కొట్టం పక్కన పెడితే వైర్లు మిగలవు. ఎలుకలు కొరికిన వైరింగ్ బిల్లు చూసినవాళ్లు తర్వాత బానెట్ తెరిచి ఉంచడం, రాత్రి లైటు వేయడం అన్నీ నేర్చుకుంటారు. వారానికోసారి ఎవరైనా తమ్ముడో, బావమరిదో పది పదిహేను కిలోమీటర్లు నడపాలి. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపేయడం డీజిల్ బండికి మేలు కంటే కీడే. ఆ పని చేసేవాళ్లు లేకపోతే బండి అమ్మేసి, వచ్చినప్పుడల్లా అద్దెకు తీసుకోండి.

సర్వీసులో ఏం గమనించాలి?

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు అందరూ మారుస్తారు. ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్చాల్సిన గడువు మాన్యువల్‌లో చూసుకుని నోటితో కాకుండా జాబ్ కార్డు మీద రాయించండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ గ్రీజు, బుష్‌లు, బ్రీదర్ పైపులు కూడా. బురదలో ఎక్కువ తిరిగేవాళ్లు గడువు కంటే ముందే మార్చడం మంచిది.

సెకండ్ హ్యాండ్ థార్ కొంటున్నాను. ఏం చూడాలి?

అమ్మేవాడు "ఆఫ్‌రోడ్ ఎప్పుడూ తీసుకెళ్లలేదు సార్" అంటే సంతోషపడకండి, లివర్ వేసి చూడండి. మట్టి నేల మీద ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ రెండూ పడాలి, శబ్దం రాకూడదు. కింద పడుకుని చూస్తే స్కిడ్ ప్లేటు మీద గీతలు పర్లేదు, ఛాసిస్ మీద కొత్త నల్ల పూత మాత్రం అనుమానించాలి. సీటు బెల్టు పూర్తిగా లాగి చివర చూడండి, అక్కడ బురద చార ఉంటే ఆ బండి వరద చూసింది. 2024 ఆఖరులో, 2025లో చేతులు మారిన బండ్లకు ఈ పరీక్ష తప్పనిసరి.

కాగితాల్లో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ వచ్చి ఆర్‌సీ మీద లోను నమోదు (హైపోథికేషన్) తీసేశాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఆంధ్ర బండి తెలంగాణకు, తెలంగాణ బండి ఆంధ్రకు వెళ్తే పాత రాష్ట్రం ఆర్‌టీవో ఎన్‌ఓసీ, బండి వయసును బట్టి కొత్త రాష్ట్రంలో మళ్లీ లైఫ్ టాక్స్ ఉంటాయి. బేరంలోనే ఆ లెక్క కలుపుకోండి. పాత టీఎస్ నంబరు ఉన్న బండి గురించి కంగారు అక్కర్లేదు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకే టీజీ వచ్చింది, పాత నంబర్లు అలాగే చెల్లుతాయి.